అరవై దాటాక ఆఫ్రికాలో ఒంటరిగా బైకు ప్రయాణం: కైరో నుంచి మొదలుపెట్టాలా, మొంబాసా నుంచా?

శెట్టిపల్లి_వర్క్‌షాపు
రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగ విరమణ చేశాను. వయసు 61. తిరుపతి నుంచి లడఖ్ వరకు, కచ్ వరకు మోటారు సైకిలు మీదే తిరిగాను. ఇప్పుడు కైరోలో మొదలుపెట్టి, నైలు నది వెంట దక్షిణానికి దిగి, ఆఫ్రికా ఖండం చివర ఉన్న కేప్‌టౌన్ చేరాలని ఉంది. బండి హిమాలయన్ 411. తోడు ఎవరూ లేరు, కావాలని కూడా అనుకోవడం లేదు. నా ఫిర్యాదు ఒక్కటే. ఎవరిని అడిగినా "ఈ వయసులో ఎందుకు సార్" అంటున్నారే తప్ప, దారి గురించి గానీ కాగితాల గురించి గానీ ఒక్క మాట చెప్పడం లేదు. వయసు సంగతి నేను చూసుకుంటాను. దారి, కాగితాలు, బండి, ఆరోగ్యం గురించి తెలిసినవారు చెప్పగలరు.

పీలేరు_పిల్లగాడు
"ఈ వయసులో ఎందుకు సార్" అని సగం రాసి, మీ చివరి వాక్యాలు చదివి చెరిపేశాను.

దారుస్సలాం_లెక్కలు
మాది చిత్తూరు. దారుస్సలాంలో లెక్కల ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఉత్తరం నుంచి దిగి వచ్చే బైకువాళ్లు అప్పుడప్పుడు తారసపడుతుంటారు. కైరో ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టమని నా సలహా. ఈజిప్టు నుంచి దక్షిణానికి రావాలంటే సుడాన్ దాటాలి. అక్కడ 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళాలకీ మధ్య మొదలైన యుద్ధం ఆ దారిని మూసేసింది. ఒకప్పుడు వాదీ హల్ఫా వద్ద సుడాన్‌లో అడుగుపెట్టి ఎడారి దాటడమే ఈ ప్రయాణంలో అందరూ ఎదురుచూసే ఘట్టం. సుడాన్ తరువాత వచ్చే ఇథియోపియాలోనూ గోండార్, బహిర్ దార్ ఉన్న అమ్హారా ప్రాంతంలో 2023 ఆగస్టు నుంచి సాయుధ పోరాటం నడుస్తోంది. ఇథియోపియా నుంచి కెన్యాలోకి వచ్చే మొయాలె–మార్సబిట్ దారి బండ్ల చట్రాలు విరగ్గొట్టే దారిగా పేరు మోసింది. తీరా అది తారు రోడ్డు అయ్యేసరికి పైనున్న దేశాలు చేతికి అందకుండా పోయాయి.

కనుక బండిని ఓడలో కెన్యాలోని మొంబాసా రేవుకు పంపి అక్కడి నుంచి మొదలుపెట్టండి. మొంబాసా నుంచి నైరోబి సుమారు 480 కిలోమీటర్లు. తరువాత నమంగా సరిహద్దు దాటి టాంజానియాలో అరూషా, డొడోమా, ఇరింగా, ఎంబేయా. తుండుమా వద్ద జాంబియాలోకి దిగి లుసాకా, లివింగ్‌స్టన్. ఆపైన బోట్స్‌వానా మీదుగా దక్షిణాఫ్రికా. ఈ దేశాలన్నింటిలోనూ మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడుపుతారు. రువాండా, బురుండీల వైపు మళ్లితేనే కుడివైపుకు మారాలి. అలవాటైన చేయివాటం మారకపోవడం ఒంటరిగా నడిపే మనిషికి ఎంత పెద్ద సౌకర్యమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

కుప్పం_బుల్లెట్
దీనితో నేను ఏకీభవించను. కైరో నుంచి కేప్‌టౌన్ అంటే ప్రపంచమంతా గుర్తించే ప్రయాణం. మొంబాసా నుంచి అంటే సగం సినిమా అయ్యాక టికెట్టు కొన్నట్టు ఉంటుంది. ఈజిప్టులో కైరో నుంచి అస్వాన్ వరకు నడిపి, అక్కడి నుంచి బండిని విమానంలో నైరోబికి పంపవచ్చు కదా?

కాగితాల_కనకయ్య
పంపవచ్చు. అయితే ఖర్చు ఎక్కడ పెరుగుతుందో ముందుగా చూడండి. మన బండి విదేశంలోకి తాత్కాలికంగా వెళ్లి తిరిగి బయటికి వస్తుందని హామీ ఇచ్చే పత్రమే కార్నెట్. ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ దీనిని ఇస్తుంది. సాధారణంగా ఒక సంవత్సరం చెల్లుతుంది. పుస్తకంలోని ప్రతి పేజీలో మూడు భాగాలు ఉంటాయి. దేశంలోకి ప్రవేశించేటప్పుడు ఒక భాగాన్ని, బయటికి వెళ్లేటప్పుడు మరొక భాగాన్ని కస్టమ్స్ వారు చించుకుంటారు. మన దగ్గర మిగిలే భాగంలో రెండు ముద్రలూ పడి ఉండాలి. ఏ దేశంలోనైనా నిష్క్రమణ ముద్ర లేకపోతే బండిని అక్కడే అమ్మేసినట్టు లెక్క, ఆ దేశపు దిగుమతి సుంకం కార్నెట్ కోసం మనం ముందుగా పెట్టే గ్యారంటీ సొమ్ములోంచి పోతుంది. సరిహద్దులో గుమాస్తా ఎంత విసుక్కున్నా, వెనుక లారీవాళ్లు ఎంత హారన్ కొట్టినా, ముద్ర కళ్లారా చూసుకోనిదే బండి స్టార్ట్ చేయకూడదు.

ఈ గ్యారంటీ మొత్తం బండి విలువనూ వెళ్లే దేశాలనూ బట్టి నిర్ణయిస్తారు. ఈజిప్టుకు కార్నెట్ తప్పనిసరి, అక్కడి సుంకాలు కూడా ఎక్కువ. అస్వాన్ వరకు మాత్రమే నడపడానికి అంత సొమ్ము బ్యాంకులో బిగించడం వృథా అని నా అభిప్రాయం. గ్రాట్యుటీ డబ్బును పిరమిడ్ల కింద పాతిపెట్టవద్దు. దక్షిణాన మరొక వెసులుబాటు ఉంది: బోట్స్‌వానా, నమీబియా, దక్షిణాఫ్రికా, లెసోతో, ఎస్వతీని ఒకే కస్టమ్స్ కూటమిలో ఉన్నాయి. ఆ కూటమిలో అడుగుపెట్టినప్పుడు ఒకసారి, విడిచివెళ్లేటప్పుడు ఒకసారి ముద్ర వేయిస్తే సరిపోతుంది.

శెట్టిపల్లి_వర్క్‌షాపు
కనకయ్య గారూ, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు నా వయసు అడ్డం వస్తుందా? లైసెన్సు ఈమధ్యే రెన్యువల్ చేయించాను.

కాగితాల_కనకయ్య
అడ్డం రాదు. 2019 సవరణ తరువాత 55 దాటినవారికి లైసెన్సును ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేస్తున్నారు. మీది కొత్తగా చేయించినదే కనుక గడువు చాలినంత ఉంటుంది. పర్మిట్‌కు ఫారం 4ఏ నింపి రవాణా కార్యాలయంలో ఇవ్వాలి. అది ఒక సంవత్సరమే చెల్లుతుంది కాబట్టి బండి ఓడెక్కే ముందు తీసుకోండి, ఇప్పుడే తీసుకుంటే సగం గడువు తిరుపతిలోనే కరిగిపోతుంది. బీమా విషయంలో మన పాలసీ అక్కడ పనికిరాదు. కోమెసా ఎల్లో కార్డు అనే మూడో పక్షం బీమా కెన్యా, టాంజానియా, మలావీ, జాంబియాలలో చెల్లుతుంది. మొదటి దేశంలో బీమా తీసుకునేటప్పుడే దీనిని అడగండి. బోట్స్‌వానా, దక్షిణాఫ్రికా ఇందులో లేవు.

చంద్రగిరి_డాక్టరమ్మ
అందరూ బండి కాగితాలు చూస్తున్నారు, నేను మనిషి కాగితాల గురించి చెబుతాను. కెన్యా నుంచి తిరిగి వచ్చేవారి వద్ద ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం లేకపోతే మన దేశంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. దక్షిణాఫ్రికా సరిహద్దులో కూడా అడుగుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనిచేస్తుంది. మనకు దగ్గరగా చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు.

అయితే 61 ఏళ్ల మనిషి నేరుగా వెళ్లి చేయి చాపకూడదు. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా. 60 దాటినవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు, అరుదుగానే అయినా, చిన్న వయసువారికంటే ఎక్కువగా కనిపించాయి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారా, థైమస్ గ్రంథికి ఏదైనా జబ్బు ఉందా, గుడ్డు పడకపోవడం ఉందా అనేవి ముందుగా మీ వైద్యునితో తేల్చుకోవాలి. వయసు గురించి మాట్లాడవద్దని మీరు అన్నారు గానీ ఈ ఒక్క చోట నేను మాట్లాడతాను.

మలేరియాకు నివారణ మాత్రలు తప్పవు. డాక్సీసైక్లిన్ చవక, కానీ ఎండకు చర్మం కందిపోయేలా చేస్తుంది, రోజంతా ఎండలో ఉండే బైకువారికి అది ఇబ్బంది. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర ఖరీదైనా సుఖం. బీపీ, షుగరు మందులు ఉంటే మందుల చీటీతో సహా అసలు పెట్టెల్లోనే తీసుకెళ్లండి. జాంబియాలో మన ఇంట్లో మామూలుగా ఉండే కొన్ని దగ్గు, జలుబు మందులకే, అంటే కోడీన్ లేదా డైఫెన్‌హైడ్రమిన్ ఉన్నవాటికే, విదేశీయులు చిక్కుల్లో పడ్డారు.

పుత్తూరు_కట్టు
చేయి విరిగితే పుత్తూరు రావడానికి ఆఫ్రికా నుంచి ఆర్టీసీ బస్సు లేదు. అందుకని నాదొక ప్రశ్న. హిమాలయన్ బరువు పెట్రోలుతో కలిపి 199 కిలోలు, పెట్టెలూ సామానూ కలిపితే ఇంకా ఎక్కువ. గులకరాళ్ల దారిలో అది పక్కకు ఒరిగితే ఒంటరిగా లేపగలరా?

మదనపల్లె_స్పానర్
సరైన ప్రశ్న. నేను మెకానిక్‌ను కాబట్టి ఇంకొంచెం ముందుకు వెళ్లి అడుగుతాను: అసలు హిమాలయన్ ఎందుకు? తూర్పు ఆఫ్రికాలో ఏ ఊరి కూడలిలో చూసినా బోడా బోడా అనే అద్దె బైకులు బారులు తీరి ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మన బజాజ్ బాక్సర్లు, మన టీవీఎస్ బండ్లే. చైను, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, ట్యూబులు ప్రతి సంతలోనూ దొరుకుతాయి, విప్పి బిగించే కుర్రవాడు ప్రతి చెట్టు కిందా ఉంటాడు. హిమాలయన్‌కు ఫ్యూయల్ పంపు పోతే మీరు ఎక్కడి నుంచి తెప్పిస్తారు? ఓడ ఖర్చు, కార్నెట్ గ్యారంటీ కూడా బండి విలువను బట్టే కదా పెరిగేది. 150 సీసీ బాక్సర్ లాంటి తేలిక బండి మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మనిషికి కింద పడినా లేపుకునే ధైర్యం ఉంటుంది.

కుప్పం_బుల్లెట్
స్పానర్ అన్నా, జాంబియాలో వందల కిలోమీటర్లు ముక్కుసూటిగా సాగే దారిలో, వెనుక నుంచి రాగి లోడు లారీ వస్తుంటే, 150 సీసీ బండి మీద పక్కకు తప్పుకోవడం తప్ప ఇంకేమీ చేయలేరు. ఆ దారిలో శక్తి కూడా భద్రతే.

దారుస్సలాం_లెక్కలు
ఇద్దరూ చెప్పింది నిజమే గానీ, టాంజానియాలో శక్తి వల్ల ఒరిగేదేమీ లేదు. ప్రతి ఊరి దగ్గరా గంటకు 50 కిలోమీటర్ల హద్దు, ఆ బోర్డు పక్కనే చెట్టునీడలో రాడార్ తుపాకీ పట్టుకున్న తెల్ల దుస్తుల పోలీసు. ఊరు దాటాక హద్దు ముగిసే బోర్డు కనిపించేంతవరకు ఓపిక పట్టాలి. జరిమానా కడితే రసీదు అడిగి తీసుకోండి. రాత్రి ప్రయాణం మాత్రం పూర్తిగా మానుకోండి. దీపాలు లేని లారీలు, చెడిపోయిన లారీకి హెచ్చరికగా రోడ్డు మీద వేసిన చెట్టుకొమ్మలు, పశువులు, మనుషులు అన్నీ చీకట్లోనే ఎదురవుతాయి.

పలమనేరు_ఏనుగు
జంతువుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నా పేరుకు న్యాయం చేస్తాను. మొంబాసా–నైరోబి దారికి రెండు వైపులా త్సావో అభయారణ్యమే. టాంజానియాలో జాతీయ రహదారి మికుమి ఉద్యానవనం మధ్య నుంచి సుమారు 50 కిలోమీటర్లు వెళుతుంది. బోట్స్‌వానాలో నాటా నుంచి కసానె వరకు ఉన్న 300 కిలోమీటర్ల దారిలో ఏనుగులు రోడ్డు మీదే నిలబడతాయి. ఉద్యానవనాల లోపలికి చాలాచోట్ల మోటారు సైకిళ్లను అనుమతించరు, రహదారి మీద మాత్రం వెళ్లనిస్తారు. కౌండిన్య అడవి పక్కన పెరిగినవాడిగా చెబుతున్నాను: ఏనుగు కనిపిస్తే హారన్ కొట్టకండి, ఫొటో కోసం దగ్గరికి పోకండి. ఇంజన్ ఆపకుండా దూరంగా నిలబడి, ఎదురుగా కారు గానీ లారీ గానీ వస్తే దాని చాటున దాటండి. గుంపులో పిల్ల ఏనుగు ఉంటే ఎంతసేపైనా ఆగాల్సిందే.

సత్యవేడు_శారద
అందరూ ఉత్సాహంగా రాస్తున్నారు. ఇంట్లో ఉండేవారి వైపు నుంచి కూడా ఒకరు రాయాలి కదా. మా ఆయన కూడా పదవీ విరమణ తరువాత ఇలాగే ఒంటరిగా హిమాలయాలకు వెళ్లారు. ఆయన తిరిగి వచ్చేవరకు బ్యాంకు వాళ్లతో, బీమా వాళ్లతో, ఇంటి పన్నుతో వేగింది నేను. మీరు బయలుదేరేముందు బ్యాంకు ఖాతాలు ఉమ్మడిగా ఉన్నాయా, ఒక పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారా, వీలునామా ఉందా అనేవి చూసుకోండి. అది అశుభం అనుకుంటే కొండకు వెళ్లి దండం పెట్టుకుని వచ్చాకైనా రాయండి. "తోడు కావాలని అనుకోవడం లేదు" అని మీరు రాసిన వాక్యం నాకు నచ్చలేదు. దారిలో పడిపోతే ఫోను చేసేది ఎవరు?

శెట్టిపల్లి_వర్క్‌షాపు
శారద గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. ఒంటరితనం మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఇద్దరు కలిసి వెళితే ఒకరి నడుము నొప్పికి ఇంకొకరు ఆగాలి, ఒకరి వేగానికి ఇంకొకరు పరుగెత్తాలి. ఈ వయసులో నా ఒంటి మాట వినడానికే నాకు సమయం సరిపోతుంది. రోజుకు 250 కిలోమీటర్లకు మించకూడదని, మధ్యాహ్నం మూడు గంటలకల్లా బస చూసుకోవాలని అనుకుంటున్నాను. ఫోను సిగ్నల్ లేనిచోట ఉపగ్రహ సందేశ పరికరం వాడితే సరిపోతుందా? నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ గురించి మా ఆవిడ ఇప్పటికే గుర్తుచేసింది. ముఖం గుర్తించే యాప్‌తో ఇవ్వవచ్చని తెలుసు గానీ, అప్పటికి ఇంటికి చేరడమే మంచిదని ఆమె తీర్పు.

కాగితాల_కనకయ్య
ఆ పరికరాన్ని ఇక్కడ కొని జేబులో పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్లకండి. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోనులు, సందేశ పరికరాలు కలిగి ఉండడం మన దేశంలో నేరం. ఆ సంగతి తెలియక విదేశీ పర్యాటకులు సైతం విమానాశ్రయాల్లో చిక్కుకున్నారు. నైరోబిలో కొనుక్కుని, దేశం తిరిగి రాకముందే ఎవరికైనా ఇచ్చేయండి.

చంద్రగిరి_డాక్టరమ్మ
నైరోబి కేంద్రంగా ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ అనే విమాన అంబులెన్సు సేవ ఉంది. 1957లో మొదలైంది. పర్యాటకులకు తాత్కాలిక సభ్యత్వం ఇస్తారు. ఏ దేశాల వరకు వస్తారో అడిగి తెలుసుకోండి. మన ప్రయాణ బీమా పాలసీలు కొన్ని మోటారు సైకిలు ప్రమాదాలను అసలు లెక్కలోకి తీసుకోవు, తీసుకున్నా ఇంజన్ పరిమాణం మీద హద్దు పెడతాయి. స్పానర్ గారి చిన్న బండి వాదానికి ఇది కూడా బలం.

మదనపల్లె_స్పానర్
డాక్టరమ్మ నా పార్టీ.

పీలేరు_పిల్లగాడు
తిండి సంగతి? సార్ శాకాహారి అయితే ఇబ్బందే కదా.

దారుస్సలాం_లెక్కలు
రాయలసీమ వాడికి అక్కడ తిండి కొత్త కాదు. కెన్యా, టాంజానియాల్లో ఉగాలి, జాంబియాలో ఎన్‌షిమా అని మొక్కజొన్న పిండితో చేసేది మన సంగటి లాంటిదే. పక్కన చిక్కుడు గింజల కూర, సుకుమా వికి అనే ఆకుకూర పెడతారు. చపాతీ ఎక్కడైనా దొరుకుతుంది, అది మనవాళ్లు తీసుకెళ్లిందే. రైల్వేలో పనిచేసిన మీరు మొంబాసా–నైరోబి దారిలో మకిందు గురుద్వారాలో తప్పక ఆగాలి. 1896 నుంచి 1901 వరకు ఉగాండా రైలు మార్గం వేయడానికి సుమారు 32,000 మంది మన దేశపు కూలీలను తీసుకెళ్లారు, వారిలో ఎక్కువమంది పంజాబీలు. దాదాపు 2,500 మంది ఆ పనిలోనే ప్రాణాలు కోల్పోయారు. 1898లో త్సావో వంతెన పని దగ్గర సింహాలు కూలీలను ఎత్తుకుపోయిన చోటు కూడా ఆ దారిలోనే ఉంది. అక్కడి రైల్వేలో పనిచేసిన సిక్కులు 1926లో కట్టుకున్న ఆ గురుద్వారాలో ఇప్పటికీ దారిన పోయేవారందరికీ ఉచితంగా భోజనం పెడతారు, రాత్రికి ఉండనిస్తారు. టాంజానియాలో ఇంకొక రైలు ఉంది: దారుస్సలాం నుంచి జాంబియాలోని కపిరి ఎంపోషి వరకు చైనా సాయంతో 1970ల్లో వేసిన 1,860 కిలోమీటర్ల తజారా. ఎంబేయా నుంచి మీ దారి చాలాదూరం దాని పక్కనే సాగుతుంది.

నగరి_నాయుడు
రైలు మాట వచ్చింది కాబట్టి చివరి మజిలీ గురించి ఒక మాట. కేప్‌టౌన్ బదులు డర్బన్‌లో ముగించకూడదా? 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. ఆ తరువాత సంవత్సరాల్లో అక్కడి చెరకు తోటలకు మనుషులను ఎక్కువగా పంపిన జిల్లాలలో ఉత్తర ఆర్కాటు ఒకటి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఆ ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం మన చిత్తూరే. డర్బన్‌లో ఇప్పటికీ నాయుడు, రెడ్డి అనే ఇంటిపేర్లున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. భాష చాలామందికి పోయింది, కానీ వాళ్ల ముత్తాతల ఊరు మన తాలూకాలోదే కావచ్చు. పైగా డర్బన్ పెద్ద రేవు, బండిని చెన్నైకి ఓడెక్కించడానికి అదే అనువు.

కుప్పం_బుల్లెట్
కైరో పోయింది, ఇప్పుడు కేప్‌టౌన్ కూడా పోయింది. ఇంకాసేపు ఈ చర్చ సాగితే సార్ రేణిగుంట వరకు వెళ్లి వెనక్కి వచ్చేస్తారు.

శెట్టిపల్లి_వర్క్‌షాపు
రేణిగుంట కంటే దూరమే వెళతాను, బుల్లెట్ గారూ. ఇక్కడ వచ్చిన సలహాలన్నీ చూశాక మొంబాసా నుంచి డర్బన్ అనే నిర్ణయానికి వచ్చాను. ఈ పేరుకు గుర్తింపు లేకపోయినా, అది నేను ఒంటరిగా ఆనందంగా నడపగలిగే దారి. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, దక్షిణాన నవంబరులో వానలు మొదలవుతాయి కాబట్టి జూన్ మొదట్లో మొంబాసాలో బయలుదేరి, సెప్టెంబరు చివరికి డర్బన్ చేరితే రెండూ తప్పుతాయి. లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇంటి నుంచే ఇవ్వవచ్చు. జాంబియా నుంచి బోట్స్‌వానాలోకి 2021 మేలో తెరిచిన 923 మీటర్ల కజుంగులా వంతెన మీదుగా వెళతాను. జింబాబ్వే హద్దు తగలకుండా నది మీద వంపు తిప్పి కట్టారట, పనివాడిగా దానిని చూడాలి. బండి విషయంలో స్పానర్ గారి మాట విని 150 సీసీ వైపు మొగ్గుతున్నాను, కానీ ముందుగా బరువు పెట్టెలు కట్టి స్వర్ణముఖి ఇసుకలో రెండు బండ్లూ నడిపి చూస్తాను.

పుత్తూరు_కట్టు
ఇసుకలో టైరు గాలి తగ్గించి నడపండి, తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపడానికి చేతిపంపు వెంట ఉంచుకోండి. జూలై, ఆగస్టు నెలల్లో బోట్స్‌వానాలో రాత్రిపూట గడ్డకట్టే చలి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని స్వెట్టరు మరచిపోకండి.

దారుస్సలాం_లెక్కలు
2006కు ముందు అచ్చయిన డాలర్ నోట్లు తెచ్చుకోకండి, తూర్పు ఆఫ్రికాలో ఎవరూ తీసుకోరు. కెన్యాలో దిగగానే సిమ్ కొని ఎంపెసా పెట్టుకుంటే చాయ్ దుకాణంలో కూడా ఫోనుతో చెల్లించవచ్చు. ప్లాస్టిక్ సంచులు కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి నిషేధం. తిరుమల అలవాటు ఉంది కాబట్టి అలిపిరి తనిఖీ అనుకుని ముందే తీసేయండి.

శెట్టిపల్లి_వర్క్‌షాపు
చివరిగా ఒక సందేహం. బండిని చెన్నై నుంచి పంపితే మేలా, ముంబయి నుంచా? ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులని విన్నాను.

కాగితాల_కనకయ్య
మొంబాసా దారి ఎర్ర సముద్రంలోకి పోదు, అరేబియా సముద్రం దాటి నేరుగా ఆఫ్రికా తీరానికే వెళుతుంది. చెన్నై, ముంబయి రెండుచోట్లా ధర అడగండి. కార్నెట్ కోసం ఎలాగూ ముంబయితో పని ఉంది కనుక అక్కడే రెండు పనులూ కలిసిరావచ్చు. పెట్టె చేయించే చెక్క వేడి శుద్ధి చేసి ముద్ర వేసినదై ఉండాలి, లేకపోతే రేవులో ఆపుతారు. పెట్రోలు పూర్తిగా తీసేసి, బ్యాటరీ తీగలు విప్పండి. వీటన్నిటికంటే ముందు దక్షిణాఫ్రికా వీసాకు ఇక్కడే దరఖాస్తు పెట్టండి. అది దారిలో ఎక్కడో తీసుకోవచ్చనుకునే వీసా కాదు. అది చేతికి వచ్చాకే ఓడవాళ్లకు అడ్వాన్సు ఇవ్వండి.